‘మిగులు’ మనుషుల లాయరు: ఖరగ్‌పూర్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వి.వి. గిరి

ఖరగ్‌పూర్ పెద్ద స్టేషన్‌లో మేదినీపూర్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే, సీటు చూసుకుని కూర్చునేలోపే మొదటి స్టేషన్ వచ్చేస్తుంది. పేరు గిరి మైదాన్. బోర్డు చూడగానే తెలుగువాళ్లకు ఒక్క మనిషే గుర్తొస్తాడు. వరాహగిరి వెంకట గిరి, దేశానికి నాలుగో రాష్ట్రపతి. రాష్ట్రపతి భవన్‌కు చేరడానికి 40 ఏళ్ల ముందు ఆయన ఈ ఊరి రైల్వే కార్మికుల నాయకుడు.

ఆయన జీవితంలో ఒక తేదీ నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. 1971 ఆగస్టు 10. దేశంలో గర్భస్రావాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసిన మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టానికి ఆ రోజే రాష్ట్రపతి ఆమోదం దొరికింది. పిల్లల సంఖ్యను పరిమితం చేసుకోవాలని భార్యాభర్తలు వాడిన సాధనం విఫలమైతే, ఆ గర్భాన్ని తొలగించుకునే వీలును కూడా ఆ చట్టం కల్పించింది. దానికి ఆమోదం తెలిపిన రాష్ట్రపతికి సరిగ్గా ఆ రోజే 77 ఏళ్లు నిండాయి. ఆయనకు 14 మంది సంతానం.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతిలా కనిపించవచ్చు. కానీ దేశంలో మనుషులు ఎక్కువయ్యారా, పనులు తక్కువయ్యాయా అన్న తగాదా గిరి జీవితం పొడవునా సాగింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అదే తగాదా తలకిందులుగా మళ్లీ మొదలైంది కాబట్టి ఆయన కథ మరోసారి చెప్పుకోవడం అవసరం అనిపించింది.

గంజాం నుంచి డబ్లిన్‌కు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మ. ఇంట్లో లోటు లేదు. ఇంటి బయట మాత్రం ఆకలికి కొత్త లేదు. 1866 నాటి ఒరిస్సా కరువులో పది లక్షల దాకా జనం చనిపోయారని అంచనా. గంజాం కూడా ఆ దెబ్బ తిన్నదే. కూలి దొరకని ఏడాది గంజాం, విశాఖ జిల్లాల జనం ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. అక్కడ ధాన్యం మిల్లుల్లో, రేవులో పనిచేసి, బతికి ఉంటే తిరిగొచ్చేవారు.

ఇప్పటి భారతదేశ సరిహద్దుల్లో చూస్తే 1901లో జనాభా 23.8 కోట్లు. నేటి లెక్కలో ఆరో వంతు. ఆ కొద్దిమందికే తిండి లేదు. 1911 నుంచి 1921 మధ్య జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా అంతమందిని తీసుకుపోయింది. ఆ దశాబ్దంలో సగటు ఆయుర్దాయం 20 ఏళ్ల చుట్టూ ఉండేది. పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోయేవారు. అలాంటి కాలంలో ఎవరూ పిల్లల్ని లెక్కపెట్టి కనలేదు. గిరి, సరస్వతీబాయి దంపతులూ అంతే.

1913లో గిరి లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఆ ఊరు, ఆ సంవత్సరం రెండూ ముఖ్యమే. 1841లో ఐర్లండ్ జనాభా 81 లక్షలు దాటింది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి వచ్చిన కరువులో పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి దేశం దాటారు. 1911 నాటికి మిగిలింది 44 లక్షలు. ఐర్లండ్‌లో జనం ఎక్కువైపోయారు, అదే వారి దరిద్రానికి కారణం అని వాదించిన ఇంగ్లిషు మేధావులకు, అధికారులకు అప్పట్లో కొదవ లేదు. మాల్థస్ పేరు వాళ్లకు బాగా పనికొచ్చింది. మరి జనం దాదాపు సగానికి తగ్గాక డబ్లిన్ బాగుపడాలి కదా? గిరి దిగేనాటికి అక్కడి కార్మికవాడల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండేది. అదే ఏడాది ఆగస్టులో యూనియన్‌లో చేరిన కార్మికులను యజమానులు గేటు బయట నిలబెట్టారు. చరిత్రలో డబ్లిన్ లాకౌట్‌గా నిలిచిన ఆ పోరాటం నెలల తరబడి సాగింది.

చదువుకోవడానికి వెళ్లిన గిరి ఐరిష్ జాతీయవాదులకు దగ్గరయ్యారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మని ఆయనకు ఆదేశం వచ్చింది. బరంపురం తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ పిలుపుతో దాన్ని వదిలేశారు. 1922లో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి జైలుకెళ్లారు. వకీలు గౌను విప్పినా వాదించడం మానలేదు. కక్షిదారులు మాత్రం మారారు.

వర్క్‌షాపు గేటు దగ్గర

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ రాకముందు ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల మీద ఒక పల్లె. 1900 ప్రాంతంలో హౌరా వైపు, మద్రాసు వైపు, నాగ్‌పూర్ వైపు లైన్లు ఇక్కడ కలిశాయి. కంపెనీ పెద్ద వర్క్‌షాపు కట్టింది. ఇంజన్లు విప్పి బిగించడానికి, బోగీలు చేయడానికి వేలమంది కావాలి. అప్పటికే తూర్పు తీరం వెంబడి పట్టాలు పడ్డాయి. ఆ దారినే శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి జనం వచ్చి దిగారు. ఒకడికి ఖలాసీ పని దొరికితే బావమరిదికి కబురు వెళ్లేది, బావమరిది కుదురుకున్నాక ఊళ్లో సగం వీధి కదిలేది. రంగూన్ ఓడకు బదులు ఖరగ్‌పూర్ రైలు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు ఈ రోజుకీ తెలుగు వినిపించడానికి మూలం అదే. హిందీ, బెంగాలీ కలిసిన ఆ తెలుగుకు యాస మాత్రం ఉత్తరాంధ్రదే. నేను మొదటిసారి విన్నప్పుడు టెక్కలి బస్టాండులో ఉన్నానా అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రైల్వే ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. కంపెనీ క్వార్టరు, నీళ్లు, ఆసుపత్రి, సెలవుకి ఊరెళ్లే పాసు, అన్నీ ఆ ఉద్యోగానికి కట్టి ఉండేవి. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. కుటుంబం మొత్తం మూటలతో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. వెనక్కి వెళితే అక్కడ పొలం లేదు. పొలం ఉంటే అసలు ఇంత దూరం వచ్చేవాళ్లే కాదు.

1920ల మధ్యలో భారత రైల్వే వర్క్‌షాపులను పరిశీలించడానికి సర్ విన్సెంట్ రావెన్ నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. యంత్రాలు మార్చి, పని పద్ధతి మారిస్తే తక్కువమందితో ఎక్కువ పని జరుగుతుందని అది తేల్చింది. మిగతావాళ్లు మిగులు. ఆ గాలి లిలువాకు, దక్షిణాది రైల్వేకు తగిలినట్టే ఖరగ్‌పూర్‌కూ తగిలింది. 1927లో వేతనాల మీద ఒకసారి, అదే ఏడాది చివర్లో తొలగింపు నోటీసుల మీద మరోసారి ఊరు అట్టుడికింది. వెయ్యిమందికి పైగా కార్మికులకు నోటీసులిచ్చారు. కార్మికులు చేతులు కట్టుకుని కూర్చున్నారు, కంపెనీ గేట్లు మూసింది.

గిరి అప్పటికి రైల్వే కార్మికుల నాయకుడిగా దేశానికి తెలిసిన మనిషి. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధి. 1927-28లో ఈ తొలగింపుల మీద జరిగిన పోరాటాన్ని ఆయన హింసకు తావివ్వకుండా నడిపారు. అది చెప్పినంత తేలిక కాదు. తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడే వేలమంది, ఇంట్లో జీతం లేదు, ఎదుట పోలీసు. చివరికి ప్రభుత్వం, కంపెనీ యాజమాన్యం కార్మికుల డిమాండ్లకు చాలావరకు తలొగ్గాయి. భారత కార్మికోద్యమ చరిత్రలో దాన్ని ఒక మైలురాయిగా చెబుతారు.

నా దృష్టిలో గిరి జీవితానికి కీలకం ఈ గేటు దగ్గరే ఉంది. అవే ఇంజన్లు, అదే వర్క్‌షాపు. నిన్నటిదాకా అవసరమైన మనిషి ఒక నివేదికతో మిగులైపోయాడు. వాడు కొత్తగా పుట్టలేదు, ఎక్కడినుంచో ఊడిపడలేదు. లెక్క మారింది, అంతే. ఎవరు ఎక్కువ అన్నది ఎవరు లెక్కపెడుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుందని ఖరగ్‌పూర్ ఫిట్టర్‌కి ఏ జనాభా శాస్త్రవేత్తా చెప్పాల్సిన పని లేకపోయింది.

కొలంబోలో అదే లెక్క

తర్వాతి 20 ఏళ్లూ పదవులు, జైళ్లు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున లండన్ వెళ్లారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి ప్రెసిడెన్సీ అంతా తన పేరు మోగేలా చేశారు. రాజాజీ మంత్రివర్గంలో, మళ్లీ 1946లో ప్రకాశం మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. మధ్యలో క్విట్ ఇండియా జైలు.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ ఆయన్ని సిలోన్‌కు హైకమిషనర్‌గా పంపారు. 1947 నుంచి 1951 దాకా అక్కడే ఉన్నారు. ఆయన కొలంబోలో ఉండగానే, 1948లో, సిలోన్ పార్లమెంటు పౌరసత్వ చట్టం తెచ్చింది. తేయాకు, రబ్బరు తోటల్లో మూడు నాలుగు తరాలుగా పనిచేస్తున్న లక్షలాది భారత సంతతి తమిళులకు ఆ చట్టంతో ఏ దేశమూ లేకుండా పోయింది. కొండలు నరికి తోటలు వేసినప్పుడు కావాల్సిన జనం, ఓట్లు లెక్కించే రోజు వచ్చేసరికి అదనమయ్యారు. భారత ప్రతినిధిగా గిరి చేయగలిగింది తక్కువే. ఆ సమస్య తెమలడానికి దశాబ్దాలు పట్టింది.

1952లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఖరగ్‌పూర్‌కు మనుషుల్ని పంపిన పల్లెలే ఆయన్ని ఢిల్లీకి పంపాయన్నమాట. అదే ఏడాది భారత్ ప్రభుత్వ కార్యక్రమంగా కుటుంబ నియంత్రణను చేపట్టింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం మనదే. నెహ్రూ మంత్రివర్గంలో కూర్చున్న గిరికి అది పరాయి సంగతి కాదు. కానీ ఆయన పట్టుదలంతా వేరేచోట ఉండింది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడంతో 1954లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు. 1967లో ఉపరాష్ట్రపతి.

ఇద్దరు తెలుగువాళ్లు, రెండు లెక్కలు

1967లోనే మరో తెలుగువాడు కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ బాధ్యతల్లోకి వచ్చాడు. రాజమండ్రిలో పుట్టి, న్యూయార్క్‌లో డాక్టరేటు చేసిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్. జనాభా పెరుగుదల దేశాన్ని ముంచేస్తుందని ఆయన గట్టి నమ్మకం. అది రెండు వరస కరువుల తర్వాతి కాలం, అమెరికా గోధుమ ఓడల కోసం రేవుల వైపు చూసిన కాలం. ఆయన భయం గాలిలోంచి రాలేదు. వేసెక్టమీ చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ రేడియోలు ఇవ్వాలన్న ఆలోచన ఆయనదే. ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలున్న మగవాళ్లకు ఆపరేషన్ తప్పనిసరి చేయాలని కూడా ప్రతిపాదించారు. అది ముందుకు సాగలేదు.

చంద్రశేఖర్ రాజ్యసభ సభ్యుడు. ఆ సభకు అధ్యక్షత వహించేది ఉపరాష్ట్రపతి గిరి. ముగ్గురు చాలనే మంత్రి కింద, 14 మంది తండ్రి పైన. అయితే చంద్రశేఖర్ బెత్తంతో 1910ల నాటి కుటుంబాన్ని కొలవడం న్యాయం కాదు. ఐదుగురిలో ఒకరు ఏడాది నిండకుండా పోయే రోజుల్లో మొదలైన సంసారం అది. 1921 తర్వాత మరణాలు తగ్గుతూ వచ్చాయి, జననాలు వెంటనే తగ్గలేదు. 1951లో 36 కోట్లు ఉన్న జనం 1971కి దాదాపు 55 కోట్లు అయ్యారు. జనాభా పెరిగింది ఎక్కువమందిని కనడం మొదలుపెట్టి కాదు, పుట్టినవాళ్లు బతకడం మొదలయ్యాక.

1969 మేలో జాకిర్ హుస్సేన్ చనిపోవడంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు జారీచేసి, మర్నాడే పదవి వదిలి ఎన్నికల్లో దిగారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై ఆగస్టులో గెలిచారు. ఆ రాజకీయం చాలామందికి తెలిసిందే. తెలియనిది, మర్చిపోయినది ఇంకొకటి ఉంది. రాష్ట్రపతి భవన్‌లోకి వెళ్లిన ఏడాదికి, 1970లో, ఆయన ‘జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్’ అనే పుస్తకం వెలువరించారు. కోట్లమందికి పని ఎలా చూపించాలన్నదే దాని విషయం. భూమిని సాగులోకి తేవడం, పల్లె పరిశ్రమలు, పల్లెల్లోనే ఉపాధి, ఈ దారిలో సాగుతుంది ఆయన వాదం. వర్క్‌షాపు గేటు దగ్గర చెప్పిందే దేశమంత చేసి చెప్పారు.

అది సరిపోయే జవాబా? సగం మాత్రమే అని నా అభిప్రాయం. మనుషుల్ని మిగులు అనకండి, పని చూపించండి అనడం న్యాయమైన మాట. కానీ నేల, నీరు, అడవి సాగదీస్తే సాగేవి కావు. పని పెరిగే వేగం కన్నా పనికోసం వచ్చేవాళ్లు వేగంగా పెరిగితే కూలి రేటు పడిపోతుందని యూనియన్ నాయకుడికి తెలియంది కాదు. ఇంకొక లోటు ఇంతకన్నా పెద్దది. 14 మందిని మోసి, కని, పెంచిన సరస్వతీబాయి ఏ కార్మిక గణాంకంలోనూ లేరు. ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఏడాదిన్నరకొక కాన్పుతో అరిగిపోయిన ఆడవాళ్లూ లేరు. గిరి లెక్కలో మిగులు కాకూడనివాడు ఎప్పుడూ మగవాడే, చంద్రశేఖర్ లెక్కలో తగ్గాల్సింది ఎప్పుడూ అంకే.

1971 చట్టం ఈ ఇద్దరి లెక్కల బయట నుంచి వచ్చింది. దొంగచాటు గర్భస్రావాల్లో ఆడవాళ్లు చనిపోతున్నారని, దాన్ని వైద్యం కిందికి తేవాలని శాంతిలాల్ షా కమిటీ అంతకు ఐదేళ్ల ముందు సిఫారసు చేసింది. అప్పటి నిబంధన ప్రకారం 12 వారాల లోపైతే ఒక డాక్టరు, 20 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాల్సి ఉండేది. నిర్ణయం చివరికి డాక్టరుదే తప్ప ఆమెది కాదు. అయినా కనడం గురించి రాసిన చట్టంలో ఆమె ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం అన్న మాటలు చేరాయి. ఆ కాగితంపై ముద్ర పడింది 77 నిండిన గిరి పుట్టినరోజున.

1974, ఆ తర్వాత

పదవీకాలం ఆఖరి నెలల్లో గిరికి అన్నిటికన్నా చేదు అనుభవం ఎదురైంది. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. 20 రోజులు సాగింది. లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు, వేలమంది జైలుకెళ్లారు, చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఖరగ్‌పూర్ క్వార్టర్లలో మళ్లీ 1927 నాటి భయమే. ఈసారి సమ్మెను అణిచింది దేశీ ప్రభుత్వం, దాని శిరస్సున ఉన్న రాష్ట్రపతి ఒకప్పుడు అదే వర్క్‌షాపు కార్మికుల నాయకుడు. రాజ్యాంగం ఆయన చేతుల్లో పెట్టిన అధికారం ఏపాటిదో తెలిసినా, ఆ మౌనాన్ని సమర్థించడం నాకు కష్టంగా ఉంది. ఇందిరాగాంధీ మాటకు ఎదురు చెప్పని రాష్ట్రపతి అన్న విమర్శ ఆయన మీద ఊరికే రాలేదు.

ఆగస్టులో పదవి ముగిసింది. 1975లో భారతరత్న వచ్చింది. అదే ఏడాది ఎమర్జెన్సీ కూడా వచ్చింది. చంద్రశేఖర్ ప్రతిపాదనగా ఆగిపోయింది ఇప్పుడు పోలీసు జీపెక్కి ఊళ్లలోకి వెళ్లింది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా స్టెరిలైజేషన్ ఆపరేషన్లు చేశారు. భూమి లేనివాడు, చిన్న ఉద్యోగి, మురికివాడలో ఉండేవాడు, లెక్కలో మిగులుగా తేలింది మళ్లీ వాళ్లే. దేశంలో మగవాళ్ల ఆపరేషన్ల మీద ఆ దెబ్బ ఇప్పటికీ మానలేదు. ఆ తర్వాత కుటుంబ నియంత్రణ బరువంతా ట్యూబెక్టమీ పేరుతో ఆడవాళ్ల ఒంటిమీదికి జారింది.

1980 జూన్ 24న గిరి మద్రాసులో గుండెపోటుతో కన్నుమూశారు. ఎనిమిది నెలల తర్వాత జరిగిన జనగణనలో దేశ జనాభా 68 కోట్లు దాటింది. ఆయన పుట్టిననాటికి దాదాపు మూడింతలు.

ఇప్పుడు తక్కువయ్యారట

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు పశ్చిమ బెంగాల్‌లో 1.6, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, దేశం మొత్తంలో 2. జనాభా స్థిరంగా ఉండటానికి కావాల్సిన 2.1 కన్నా ఇవన్నీ తక్కువే. బలవంతంతో కాదు, బడికి వెళ్లిన ఆడపిల్లలు, బతికిన పిల్లలు, ఆలస్యమైన పెళ్లిళ్లతో వచ్చిన మార్పు ఇది. 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 30 ఏళ్ల నాటి నిబంధనను అదే ఏడాది శాసనసభ ఎత్తేసింది.

దీని వెనుక వృద్ధుల భారం గురించిన భయం ఉంది, లోక్‌సభ సీట్ల భయమూ ఉంది. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకం ఈనాటికీ 1971 జనాభా లెక్క మీదే నడుస్తోంది. గిరి రాష్ట్రపతిగా ఉండగా తీసిన లెక్క అది. జనాభా తగ్గించిన రాష్ట్రాలు నష్టపోకూడదని ఆ అంకెను 1976లో గడ్డకట్టించారు. ఆ గడువు ఇప్పుడు ముగింపుకొచ్చింది.

ఈ పిలుపు ఖరగ్‌పూర్‌లో ఎలా వినిపిస్తుందో చూడాలంటే ఇంకో రెండు అంకెలు పక్కపక్కన పెట్టాలి. 1991లో దేశ జనాభా 84 కోట్లు దాటింది, రైల్వే ఉద్యోగులు 16 లక్షలకు పైనే. ఇప్పుడు జనాభా 140 కోట్లు దాటింది, రైల్వే ఉద్యోగులు 12 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది, అందుకు పెద్ద కారణం ఈ ఊరి తెలుగువాళ్లే. ఖలాసీగా వచ్చినవారి మునిమనవలు ఇప్పుడు రైల్వే నోటిఫికేషన్ కోసం కోచింగ్‌లో కూర్చుంటున్నారు. రాకపోతే బెంగళూరు, హైదరాబాద్ రైలు ఎక్కుతున్నారు. సాయంత్రం మేదినీపూర్ లోకల్ గిరి మైదాన్‌లో ఆగినప్పుడు పుస్తకాల సంచులతో దిగేవాళ్లలో వాళ్లూ ఉంటారు.